అరవై మూడు తప్పులు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో రెండు అంతరిక్ష నౌకల గురించి గొడవ. రెండూ లోకంలో లేనివే. ఒకటి ‘ధూళినావ’, ఇంకొకటి ‘తొమ్మిదో వలయం’. రెండూ టీవీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళు. ఒకటి మంగళవారం సాయంత్రం, రెండోది శుక్రవారం సాయంత్రం. చూసేవాళ్ళలో సగం మంది దీని వైపు, సగం మంది దాని వైపు. ఒక పార్టీ వాళ్ళు రెండో పార్టీ వాళ్ళని మనుషుల్లో లెక్కేసేవాళ్ళు కారు.

నేను వలయం పార్టీ. పన్నెండేళ్ళప్పటి నుంచీ అంతే. మా అక్కేమో ధూళినావలో పనిచేసేది.

కంటిన్యుటీ చూడటం అక్క ఉద్యోగం. ఒకే సన్నివేశాన్ని సోమవారం సగం, గురువారం సగం తీస్తారు. సోమవారం కెప్టెన్ చేతిలో కప్పు సగం నిండి ఉంటే గురువారం కూడా సగమే ఉండాలి. పై గుండీ విప్పి ఉంటే విప్పే ఉండాలి. గాటు ఏ కనుబొమ్మ మీద ఉంది, తలుపు ఏ చేత్తో తీశారు, నౌక కిటికీలు ఎన్ని, ఆక్సిజన్ ఎన్ని నిమిషాలకి సరిపోతుందన్నారు... అన్నీ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసి నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి. ఐదు సీజన్ల నుంచి అక్క అదే పని చేస్తోంది.

నా పనీ చూపుతోనే. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీస్తాను. అద్దం మీద వెంట్రుకంత గీత కనపడినా అవతల పారేయాల్సిందే. ‘ఎవరు చూస్తారులే’ అన్న మాట మా గదిలో చెల్లదు. అందుకే కథల్లో తప్పులంటే నాకు ఒళ్ళు మంట. అందరూ నవ్వి వదిలేస్తారు, నాకు నవ్వు రాదు. చూసేవాడికి ఏమీ గుర్తుండదులే అన్న ధైర్యంతో కథ చెప్పడమంటే, చూసేవాడి మొహం మీదే వాణ్ణి తెలివితక్కువ వాడనడం కాదూ?

ఇంట్లో మేం ముగ్గురమే. అమ్మ పోయాక భోజనాల బల్ల దగ్గర చప్పుడు తగ్గిపోతుందేమోనని నాన్న భయపడ్డాడు గానీ, ఆ అవకాశం మేమివ్వలేదు.

“మీ కెప్టెన్ తల్లి మొదటి సీజన్లోనే చచ్చిపోయింది కదా. నాలుగో సీజన్లో ఫోన్ ఎలా చేసిందక్కా?”

“అది పాత రికార్డింగే.”

“రికార్డింగు ‘తిన్నావా’ అని అడిగి, జవాబు విని, ‘అంతేనా’ అంటుందా?”

నాన్నకి పొలమారింది. మంచినీళ్ళు తాగి తీర్పు చెప్పడానికి సిద్ధమయ్యాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఏ పార్టీ కాదు, రెండూ చూస్తాడు.

“ధూళినావకి ఒక తప్పు వేశాను. ఇప్పుడు నీ వలయం సంగతి చూద్దాం. యుద్ధం జరిగి యాభై ఏళ్ళు. అప్పటికి మీ రాణికి ఏడేళ్ళు. మొన్న ఆవిడకి నలభయ్యో పుట్టినరోజు చేశారు. మధ్యలో పదిహేడేళ్ళు ఎక్కడికి పోయాయమ్మా?”

“అంతరిక్షంలో కాలం నెమ్మదిగా నడుస్తుంది నాన్నా.”

“నాకు ఆఖరి పీరియడ్ ఎప్పుడూ అలాగే నడిచేది. వయసు మాత్రం తగ్గలేదు.”

అక్క పళ్ళెం తీసుకుని లేస్తూ నా నెత్తి మీద ఒక్కటి మొట్టేది. అలా సాగిపోతే ఎంత బాగుండేది!

అభిమానుల గుంపులో ఒకాయన ఉండేవాడు. బయట ఆయన బేకరీలో కేకులు చేస్తాడు, గుంపులో మాత్రం అందరికీ ‘కమాండర్’. ధూళినావ ఐదో సీజన్ సగానికి వచ్చేసరికి ఆయన ఒక సవాలు విసిరాడు. రెండు సీరియళ్ళలోనూ తప్పులు లెక్కగట్టి, ఎవరిది చిల్లుల కథో ఎవరిది నిలబడే కథో సాక్ష్యాలతో తేల్చాలి. బాగా రాసినవాళ్ళని గుంపు వార్షిక సభలో వేదిక ఎక్కిస్తారట.

నేను మూడు వారాలు కూర్చున్నాను. దుకాణం నుంచి రాగానే గది తలుపేసుకుని పాత ఎపిసోడ్లన్నీ ఆపి ఆపి చూశాను. ‘దుర్భిణి’ అని పేరు పెట్టుకుని రాసి పంపాను. తొమ్మిదో వలయంలో తప్పులు పంతొమ్మిది. నాది కదా అని ఒక్కటి కూడా దాచలేదు, రాణి వయసు కూడా వేశాను. ధూళినావలో అరవై మూడు.

అరవై మూడింటిలో మొదటి స్థానం ఇంజనీరు తాతకి ఇచ్చాను. ధూళినావలో నౌకని నడిపే ముసలి ఇంజనీరు పాత్రని అందరూ అలాగే పిలుస్తారు. మూడు సీజన్ల పాటు ఆయన మీటల బల్ల ఆయన కుర్చీకి ఎడమ పక్కన ఉంది. నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి కుడి పక్కకి వచ్చేసింది. గోడ అదే, కుర్చీ అదే, బల్ల ఒక్కటే దాటేసింది. ఎందుకో ఒక్క మాటైనా చెప్పరు. దాని కింద నేనిలా రాశాను: “ఇంత పెద్ద బల్ల జరిగితే చూడని మనిషిని కంటిన్యుటీకి పెట్టుకున్న సంస్థ, మనకి కళ్ళు లేవనుకుంటోందా? లేక వాళ్ళకే లేవా?”

రాసి, చదువుకుని, నాలో నేనే మురిసిపోయాను.

అది ఎంత దూరం పోతుందో నేననుకోలేదు. రెండు రోజుల్లో వేలమంది పంచుకున్నారు. ఎవరో ఇంజనీరు తాత బల్ల అటూ ఇటూ పరిగెత్తుతున్నట్టు ఒక చిన్న వీడియో చేశారు. మా దుకాణంలో కళ్ళజోడు కోసం వచ్చినావిడ కూడా అది చూసి నవ్వుతోంది. కంటిన్యుటీ చూసేది ఎవరో వెతికి పట్టుకున్నారు. ఎపిసోడ్ చివర వచ్చే పేర్లలో మా అక్క పేరుకి ఎర్రటి చుట్టు గీసి పెట్టారు.

ఆ బొమ్మ చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. ‘నాలుగు రోజులైతే వాళ్ళే మర్చిపోతారులే’ అనుకున్నాను. జనానికి ఏమీ గుర్తుండదనే ధైర్యం నాకూ ఉందన్నమాట.

ఆ మంగళవారం నాకు సెలవు. మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. అక్క అట్టపెట్టెని రెండు చేతులా గుండెకి ఆనించుకుని లోపలికి వచ్చింది. పెట్టె మీద కోటు కప్పింది, తను మాత్రం నిలువునా తడిసిపోయింది.

“ఇంత పెందలాడే వచ్చావేంటి?” అన్నాడు నాన్న.

“మాన్పించేశారు నాన్నా.” తువ్వాలు తీసుకుని ముందు పెట్టె అడుగు తుడిచి, నా వైపు తిరిగింది. “పొద్దున రెండు సీన్లు తీశాక పిలిచి చెప్పారు. ప్రకటన కూడా ఇచ్చేశారట. చదువు, నీ ఫోన్లో వచ్చుంటుంది.”

వచ్చింది. చదివాను. ‘కంటిన్యుటీ విభాగంలో జరిగిన తీవ్ర నిర్లక్ష్యానికి ప్రేక్షకులను మన్నించమని కోరుతున్నాం. బాధ్యులను తొలగించాం.’ విభాగమట! విభాగమంటే మా అక్క, మూడు పెన్నులు, ఒక స్టాప్‌వాచీ.

నాన్న టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

“అక్కా, ఆ దుర్భిణి...”

“నువ్వేగా.” తువ్వాలు తల మీద వేసుకుని తుడుచుకుంటోంది. “మొదటి రోజే తెలుసు. వెటకారం చేసేటప్పుడు నువ్వు రెండు ప్రశ్నలు వరసగా వేస్తావు. చిన్నప్పటి నుంచీ అంతేగా.”

“తెలిసి ఎందుకు ఊరుకున్నావే? తిట్టొచ్చు కదా! కొట్టొచ్చు కదా!”

“బాగానే రాశావు. అరవై మూడులో యాభై తొమ్మిది నిజమే. మూడు నీ లెక్క తప్పు.” పెట్టె తెరిచి నోటుబుక్కుల్లోంచి ఒకటి తీసి నా ముందు పడేసింది. “ఆ యాభై తొమ్మిదీ ఇందులో ఉన్నాయి, చూసుకో.”

తిరగేశాను. ‘కెప్టెన్ తల్లి మరణం: మొదటి సీజన్, ఆరో ఎపిసోడ్. ఈ ఫోన్ సీను కుదరదు.’ కింద డైరెక్టరు చేతిరాతలో, సంతకంతో: ‘పర్లేదు.’ ‘ఆక్సిజన్ నలభై నిమిషాలే అన్నాం. ఇక్కడ రెండు గంటలు నడుస్తున్నారు.’ కింద: ‘పర్లేదు, ఎవడు చూస్తాడు.’ పేజీ తర్వాత పేజీ. నేను మూడు వారాలు కళ్ళు పోయేలా వెతికి పట్టిన ప్రతి తప్పునీ మా అక్క అది తప్పు కాకముందే పట్టుకుంది. ప్రతిదాని కిందా అదే ‘పర్లేదు’.

ఫోన్ అందుకున్నాను. “ఇవి ఇప్పుడే ఫొటోలు తీసి పెడతా. వాళ్ళ చేతిరాతే, వాళ్ళ సంతకమే! నిర్లక్ష్యం ఎవరిదో లోకం చూస్తుంది.”

“పెట్టకు.”

“ఎందుకు పెట్టకూడదు?”

“యాభై తొమ్మిదీ మూడూ కలిపితే ఎంత?”

వంటింట్లోంచి నాన్న, “అరవై రెండు,” అన్నాడు.

“మిగిలింది నాదే,” అంది అక్క. “నీ లిస్టులో మొదటిది. బల్ల నేనే జరిపించాను. దానికి ఎవరి సంతకమూ లేదు.”

నాన్న టీ తెచ్చిందాకా ఆగి చెప్పింది. మూడో సీజన్ అయిపోయాక, ఇంజనీరు తాత వేషం వేసే ముసలాయనకి ఎడమకన్ను పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఏడాదికోసారి సంస్థ డాక్టరు పరీక్షలు చేస్తాడు, అందులో తప్పితే ఇంటికి పంపేస్తారు. కంటి పరీక్షలో చదివించే అక్షరాల పట్టికని ఆయన కంఠతా పట్టేశాడట. కానీ నాలుగో సీజన్ రిహార్సల్లో రెండుసార్లు మీటని వెతుక్కున్నాడు, ఎడమ నుంచి వచ్చిన నటుణ్ణి గుద్దుకున్నాడు. అందరూ ముసలితనం అనుకున్నారు. అక్క ఒక్కతే కనిపెట్టింది. వడ్రంగితో మాట్లాడి బల్లని కుడి పక్కకి మార్పించింది. ఆయనతో మాట్లాడే వాళ్ళంతా కుడి నుంచే వచ్చేలా తన కాగితాల్లో గుర్తులు పెట్టింది. డైరెక్టరు అడిగితే, ‘వెలుతురు ఇటైతే బాగుంటుందండీ’ అంది. ఆయన ‘పర్లేదు’ అన్నాడు.

“ఆ నోట్సులన్నీ బయటపెడితే ముందు అడిగేది బల్ల సంగతే,” అంది అక్క. “ఏం చెప్పను? ఆయనకి ఇంకో ఎపిసోడున్నర పని ఉంది. అది కూడా లాక్కోమంటావా?”

నేను రోజూ పదిమంది కళ్ళకి అద్దాలు అరగదీస్తాను. ఆ ముసలాయన మెడ మొత్తం తిప్పి మాట్లాడటాన్ని ఆపి ఆపి వందసార్లు చూశాను. నాకు బల్ల ఒక్కటే కనపడింది.

ఆ సాయంత్రమే నా జాబితా తీసేశాను. ఏం లాభం? అప్పటికే వందచోట్ల దాని నకళ్ళున్నాయి. ‘సంస్థ బెదిరించి తీయించింది’ అని ఇంకో పుకారు పుట్టింది. కమాండర్ ఫోన్ చేసి, “భయపడకండి దుర్భిణి గారూ, మేమంతా మీ వెనకున్నాం,” అన్నాడు. “నా వెనక కాదు, ఆవిడ ముందు నిలబడండి, ఉద్యోగం పోయినావిడ ముందు,” అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

మర్నాడు దుకాణానికి పోకుండా తిన్నగా సంస్థ ఆఫీసుకి వెళ్ళాను. అక్కకి చెప్పలేదు. ప్రొడక్షన్ మేనేజరు గది చల్లగా ఉంది. గోడ మీద ధూళినావ బొమ్మ, బల్ల మీద పళ్ళరసం. చెల్లెల్ని అని చెప్పాను.

“మా అక్క ప్రతి తప్పూ ముందే రాసిచ్చింది. పర్లేదన్నది మీ డైరెక్టరు. మరి నిర్లక్ష్యం ఎవరిదండీ?”

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. “రాసిచ్చుండొచ్చమ్మా. నేను కాదంటున్నానా? కానీ జనం నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళకి ఒక మనిషిని చూపించాలి. డైరెక్టర్ని చూపిస్తే సీరియల్ ఆగిపోతుంది. హీరోని చూపించలేం కదా.”

“అందుకని పనిచేసిన ఒక్క మనిషిని చూపిస్తారా?”

“కోపం పెట్టుకోకమ్మా. ఇంకో చోట పని దొరుకుతుందిలే. నిజానికి ఆ దుర్భిణి ఎవడో గానీ, మా పని తేలిక చేశాడు. ఎవరి మీద వేయాలా అని మేము రెండు మీటింగులు పెట్టుకున్నాం. వాడు తెచ్చి చేతిలో పెట్టాడు.”

“వాడు కాదు,” అన్నాను.

“ఏంటమ్మా?”

“ఏం లేదు.”

“అన్నట్టు, ఆ నోటుబుక్కులు సంస్థవి. తిరిగి ఇచ్చేయమని చెప్పు.”

తిరిగొస్తూ బస్సులో ఎవరో పిల్లలు ఆ బల్ల పరిగెత్తే వీడియో పెట్టుకుని పడీ పడీ నవ్వుతున్నారు. మా స్టాపుకి ముందే దిగిపోయి వానలో నడిచి ఇంటికొచ్చాను.

ఆ ఆదివారం పొద్దున ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఇంజనీరు తాత. మామూలు చొక్కాలో, చేతిలో గొడుగుతో ఉన్నాడు. లోపలికి వస్తూ ఎడమ భుజం తలుపు చట్రానికి కొట్టుకుంది. అలవాటైపోయినట్టు దాన్ని చేత్తో తట్టి సర్దుకున్నాడు.

“మీ అక్కతో మాట్లాడాలి తల్లీ,” అన్నాడు.

అక్క కుర్చీ తెచ్చి, తను ఆయనకి కుడి పక్కన కూర్చుంది. నాన్నని కూడా కళ్ళతోనే అటు రమ్మంది.

“నిన్ను తీసేశారని నాకు నిన్నటిదాకా తెలీదమ్మా. ఈ ఎపిసోడ్‌లో నా సీన్లు నిన్నే మొదలయ్యాయి. నువ్వు లేకపోతే అడిగాను. అందరూ నేల చూపులు చూశారు.”

“మీ పని కానివ్వండి తాతా. ఇంకెంతో లేదుగా.”

“నా పని కోసం నీ పని పోవడమేంటి? డెబ్బై ఒకటొచ్చాయి నాకు. ఒక్క కన్నుతో చేశాను, రెండు కళ్ళున్నోడి కంటే తక్కువ చేశానా?” గొంతు పెరిగింది. “నేను సిగ్గుపడి దాచాను. నువ్వు నా సిగ్గు దాచావు. ఇక చాలు. గురువారం టీవీ వాళ్ళు మాట్లాడటానికి పిలిచారు. చెప్పేస్తాను.”

“వద్దు తాతా, తీసేస్తారు,” అంది అక్క.

“ఆఖరి ఎపిసోడ్‌కి నన్ను తీసేస్తే నౌక ఎవడు నడుపుతాడే?”

అందరం నవ్వాం. నేనొక్కదాన్నే సరిగ్గా నవ్వలేకపోయాను. ఆయన వెళ్ళేటప్పుడు వీధి చివరిదాకా ఆయన ఎడమ పక్కన నడిచాను. దుర్భిణి నేనేనని చెప్పాను. ఆయన ఆగి, మెడ మొత్తం తిప్పి నన్ను చూశాడు.

“నీదేనా ఆ రాత? బాగా గమనించావు తల్లీ,” అన్నాడు. కాసేపు నడిచాక, “మీ అక్క కూడా గమనించింది,” అన్నాడు.

గురువారం పొద్దున ప్రత్యక్ష ప్రసారం. నాన్న కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని కూర్చున్నాడు. అడిగే అమ్మాయి నవ్వుతూ పరిగెత్తే బల్ల వీడియో వేసింది. ఆయన నవ్వలేదు.

“బల్ల ఊరికే జరగలేదమ్మా. నాకు ఎడమకన్ను కనపడదు. రెండేళ్ళయింది. అది కనిపెట్టి నాకోసం బల్ల జరిపించిన అమ్మాయినే, నిర్లక్ష్యం చేసిందని మొన్న తీసేశారు. ఆ అమ్మాయి పేరు...”

అక్కడ ప్రకటన వేశారు. సబ్బు ప్రకటన. అది అయ్యేసరికి అడిగే అమ్మాయి, “మీ చిన్ననాటి విశేషాలు చెప్పండి,” అంటోంది.

నాన్న జీవితంలో ఎప్పుడూ టీవీని తిట్టలేదు. ఆ రోజు తిట్టాడు.

మధ్యాహ్నానికి లోకం మొత్తం తిరగబడింది. నిన్నటిదాకా నవ్విన నోళ్ళే ‘కళ్ళు చెమర్చాయి’ అని రాశాయి. సాయంత్రానికి సంస్థ కొత్త ప్రకటన ఇచ్చింది. ‘మా కళాకారుడి కోసం సెట్టునే మార్చుకున్న కుటుంబం మాది. మనిషి ముందు, కథ తర్వాత. ఇదే ధూళినావ సంస్కృతి.’ పక్కన ముసలాయన బొమ్మ. మా అక్క మాట అణువంతైనా లేదు. వాళ్ళు చూడనైనా చూడని మంచిపనిని, చేసిన మనిషిని గెంటేసి, తమ మెడలో దండలా వేసుకున్నారు. ఆ ప్రకటన చదివి చప్పట్లు కొట్టినవాళ్ళు లక్షమంది.

కమాండర్ మళ్ళీ ఫోన్ చేశాడు. “దుర్భిణి గారూ, దీని మీద గుండె కరిగేలా ఒకటి రాయండి. సభలో చదువుదురుగాని.”

“మీ వేదిక ఎక్కను. ఆ పేరుతో ఇంక రాయను,” అని పెట్టేశాను.

మర్నాడు మేనేజరు అక్కకి ఫోన్ చేశాడు. ఉద్యోగం గురించి కాదు. నోటుబుక్కుల కోసం. అవి లేకుండా షూటింగు ముందుకి పోవడం లేదట. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ గుండీ విప్పాలో ఎవరికీ తెలీడం లేదట. అక్క పెట్టె సర్దుతుంటే నాకు పిచ్చెక్కింది.

“ఇచ్చేస్తావా? చచ్చినా ఇవ్వకు! ఏడవనీ వాళ్ళని. ఆఖరి ఎపిసోడ్ నూరు తప్పులతో రానీ, అప్పుడు తెలుస్తుంది!”

“ఇంకా తాతకి మూడు సీన్లున్నాయే. ఆయన ఎటు నుంచి రావాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇవ్వకపోతే ఆయనే తడబడతాడు, ఆయన్నే చూసి నవ్వుతారు.”

“మరి నిన్ను?”

అక్క తాడు ముడి బిగిస్తూ, “నన్ను చూసి నవ్వడం అయిపోయిందిగా,” అంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. ముగ్గురం కలిసే చూశాం. ముసలాయన సీన్లలో ఒక్క తడబాటు లేదు. ఆఖర్న నౌకని దించి, మీటల మీద చెయ్యి ఆనించి ఊరికే కూర్చున్నాడు. అక్క పెదవులు కదిలాయి, ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు. తర్వాత పేర్లు వచ్చాయి. మేకప్పు, వడ్రంగం, భోజనాలు, డ్రైవర్లు. కంటిన్యుటీ దగ్గర ఎవరి పేరూ లేదు. అసలు ఆ వరుసే ఎత్తేశారు.

అక్క లేచి బట్టలు మడత పెట్టుకోవడానికి వెళ్ళింది. నేను అక్కడే కూర్చుని రాశాను. ఈసారి దుర్భిణి అని పెట్టలేదు, నా సొంత పేరు పెట్టాను. ఆ అరవై మూడూ రాసింది నేనేనని, కంటిన్యుటీ చూసిన మనిషి మా అక్కేనని మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పాను. ఆ తర్వాత ఒక్క తప్పే రాశాను. ‘ఐదు సీజన్ల పాటు ప్రతి ఎపిసోడ్ చివర్లో ఒక పేరు వచ్చింది. ఆఖరి ఎపిసోడ్‌లో రాలేదు. ఆ మనిషి ఈ సీజన్లో పదకొండు ఎపిసోడ్లు పనిచేసింది. ఆ పేరు ఎక్కడికి పోయిందో కథలో ఎక్కడా చెప్పలేదు. ఈ సీరియల్లో నేను చూసిన తప్పులన్నిటిలోకీ పెద్దది ఇదే.’ కింద అక్క పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను.

పంపే ముందు ఫోన్ తీసుకెళ్ళి అక్కకిచ్చాను. వద్దంటుందనే అనుకున్నాను. వద్దన్నా పంపేదాన్నే.

చేతిలో మడత పెట్టిన చొక్కా పక్కన పెట్టి, నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. తుడుచుకోలేదు. వేలితో ఒక చోట చూపించింది.

“పదకొండు కాదు, పది. పదకొండో దాంట్లో రెండు సీన్లే చూశాను.”

దిద్దాను.

“ఆఁ,” అంది. “ఇప్పుడు పంపు.”